ఊరు లేని అరిస్టాటిల్ వెంట

బుధవారం, థెస్సలొనీకి

నగరం నడిబొడ్డున, సముద్రానికి ఎదురుగా, అరిస్టాటిల్ పేరుతో పెద్ద కూడలి ఉంది. అక్కడ ఆయన కంచు విగ్రహం కూర్చున్న భంగిమలో ఉంటుంది. ఒళ్లంతా నల్లబడింది గాని కాలి బొటనవేలు మాత్రం తళతళలాడుతోంది. పరీక్షకు వెళ్లేముందు ఆ వేలు రుద్దితే ఆయన తెలివిలో పిసరంత అంటుకుంటుందని ఇక్కడి విద్యార్థుల నమ్మకం. గ్రీసులో సెప్టెంబరు అంటే తప్పిన పరీక్షలు మళ్లీ రాసుకునే నెల. ఆ వేలికి ఊపిరాడటం లేదు.

"నువ్వూ ఒకసారి రుద్దమ్మా, నీకూ పరీక్షలున్నాయిగా" అన్నాను.

"మా దంతవైద్యులకు ఆయన పనికిరాడు పెదనాన్నా. మగవాళ్లకంటే ఆడవాళ్లకు పళ్లు తక్కువని రాశాడు" అంది మా తమ్ముడి కూతురు. జర్మనీలో దంతవైద్యంలో పై చదువు చదువుతోంది. సెలవు పెట్టుకుని నాకు తోడు వచ్చింది. ఆమె అన్నది నిజమే. మనుషులు, గొర్రెలు, మేకలు, పందులు, వీటన్నిటిలో మగవాటికే పళ్లెక్కువ అని జంతువుల మీద రాసిన పుస్తకంలో స్పష్టంగా ఉంది. నోరు తెరిపించి లెక్కపెడితే తేలిపోయే విషయం.

నేను జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెప్పి రిటైరైనవాడిని. నా తరగతిలో అరిస్టాటిల్ అంటే రాజనీతి శాస్త్ర పితామహుడు, ఒక మార్కు ప్రశ్న. మానవుడు సంఘజీవి అన్నాడు, ప్రభుత్వాలను ఆరు రకాలుగా విడగొట్టాడు, అలెగ్జాండర్‌కు చదువు చెప్పాడు. అంతకుమించి సిలబస్ అడగదు, నేనూ చెప్పలేదు. రిటైరయ్యాక తీరిగ్గా ఆయన జీవితం చదువుతుంటే ఒక సంగతి పట్టుకుని వదల్లేదు. మనిషి ఊరితో బతికే ప్రాణి, ఊరు అక్కర్లేనివాడు పశువైనా అయ్యుండాలి, దేవుడైనా అయ్యుండాలి అని రాసిన ఈ పెద్దమనిషికి పెద్దయ్యాక తనదంటూ ఒక ఊరు లేదు. పుట్టిన ఊరు కాలిపోయింది. బతుకులో సగం గడిపిన ఏథెన్స్‌లో ఆయన పరదేశి. ఓటు లేదు, భూమి కొనే హక్కు లేదు, పరదేశులు కట్టే ఏటా 12 డ్రాక్మాల పన్ను మాత్రం ఉంది. సరే, ఆయన తిరిగిన ఊళ్లన్నీ ఒకసారి చూసి వద్దామని బయలుదేరాను.

గురువారం, ఒలింపియాడా

థెస్సలొనీకి నుంచి తూర్పుగా దాదాపు వంద కిలోమీటర్లు. దారిలో రెండు పెద్ద సరస్సులు, ఆ తరవాత కొండ అంచున సముద్రం. ఒలింపియాడా చిన్న పల్లె. గ్రీకులకూ తురుష్కులకూ యుద్ధం ముగిసి రెండు దేశాలూ జనాన్ని మార్చుకున్న రోజుల్లో, ఆసియా మైనరు నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్లు కట్టుకున్న ఊరు. వాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పుడు ఆలిచిప్పలు పెంచి అమ్ముతున్నారు. ఆ చిప్పలతో చేసిన పలావు తిని, ఊరి చివర సముద్రంలోకి చొచ్చుకుపోయిన రెండు గుట్టల వైపు నడిచాం. అదే పాత స్టగీరా.

క్రీ.పూ. 384లో అరిస్టాటిల్ ఇక్కడ పుట్టాడు. తండ్రి నికోమాకస్ వైద్యుడు, మాసిడోనియా రాజు అమింటాస్ ఆస్థానంలో ఉండేవాడు. ఆ అమింటాస్ అలెగ్జాండర్‌కు తాత. కాబట్టి తరవాత వచ్చిన రాజగురువు ఉద్యోగం ఆకాశం నుంచి ఊడిపడింది కాదు, అది తండ్రి నాటి పరిచయం. అమ్మానాన్నలు తొందరగా పోయారు. పదిహేడో ఏట పిల్లవాడు ఏథెన్స్ వెళ్లి ప్లేటో దగ్గర చేరాడు, ఇరవై ఏళ్లు అక్కడే ఉండిపోయాడు.

దక్షిణపు గుట్ట మీద కోటగోడ ఇంకా నిలబడి ఉంది. రెండు మీటర్ల మందం. చేత్తో తడిమి చూస్తే రాళ్ల కూర్పు తెలుస్తుంది. పెద్ద బండల మధ్య సందుల్లో చిన్న పలకరాళ్లు ఇరికించి, సున్నం లేకుండానే బిగించారు. రెండు గుట్టల నడుమ పల్లంలో ఊరి సంత స్థలం, దాని పక్కన స్తంభాల మండపం పునాదులు. మండపంలో జనం కూర్చునే రాతి అరుగుల ఆనవాళ్లున్నాయి. ఊరి సంగతులు మాట్లాడుకోవడానికి అంతకంటే మంచి చోటు ఉండదు, చుట్టూ సముద్రపు గాలి.

క్రీ.పూ. 348లో అలెగ్జాండర్ తండ్రి ఫిలిప్ దండెత్తి వచ్చి ఈ ప్రాంతపు ఊళ్లను నేలమట్టం చేశాడు. స్టగీరా కూడా పోయింది. ఆ మరుసటి ఏడే ఏథెన్స్‌లో ప్లేటో చనిపోయాడు. విద్యాలయం పెత్తనం ప్లేటో మేనల్లుడికి దక్కింది. కొందరు దీన్ని అరిస్టాటిల్ అలిగి వెళ్లిపోయిన కథగా చెబుతారు. నాకు అలా అనిపించదు. ఆ ఆవరణ ప్లేటో సొంత ఆస్తి. ప్రత్యేక అనుమతి లేనిదే ఏథెన్స్‌లో పరదేశికి భూమి దక్కదు. పైగా ఫిలిప్ అంటే ఏథెన్స్ వాళ్లకు కడుపుమంట, మాసిడోనియా దర్బారుతో సంబంధం ఉన్నవాడు అక్కడ ప్రశాంతంగా ఉండగలిగే రోజులు కావు.

గుట్ట మీద ఒక చోట అర్ధచంద్రాకారపు కట్టడం ఉంది. ఇక్కడ చాలా ఏళ్లు తవ్వకాలు జరిపిన పురావస్తు శాస్త్రవేత్త కోస్టాస్ సిస్మనీడిస్ 2016లో ఇదే అరిస్టాటిల్ సమాధి కావచ్చని ప్రకటించాడు. అరిస్టాటిల్ పుట్టి 2400 ఏళ్లయిందని ప్రపంచమంతా పండగ చేస్తున్న ఏడాది అది. బలమైన సూచనలున్నాయి గాని రుజువు లేదని ఆయనే ఒప్పుకున్నాడు. అస్థికలను ఊరివాళ్లు కంచు పాత్రలో తెచ్చుకున్నారనే కథ మధ్యయుగపు రాతల్లో కనిపిస్తుంది. కట్టడం బాగుంది, చోటు బాగుంది. పేరు చెక్కిన రాయి ఒక్కటి దొరికేదాకా నేను మాత్రం నమస్కారం పెట్టను.

కొండ మీద ఇదే పేరుతో ఇప్పటి ఊరు, అందులో అరిస్టాటిల్ ఉద్యానవనం ఉన్నాయి. ఎండను కేంద్రీకరించే కటకాలు, గుసగుసను దూరానికి మోసే గిన్నెలు, లోలకం. పిల్లలతో వెళ్తే బాగుంటుంది.

శుక్రవారం, నౌసా

దారంతా పీచ్ తోటలు, ద్రాక్ష తోటలు. కోతలు మొదలయ్యాయి. నౌసాకు దగ్గర్లో, ఊటలు పొర్లే ఒక కొండ చరియ కింద మియెజా ఉంది. జలదేవతల కోవెలగా ఉండే ఈ చోటునే ఫిలిప్ తన కొడుకు చదువుకు ఎంచుకున్నాడు. రాజధాని సందడికి దూరంగా, తల్లి ఒలింపియాస్‌కు ఇంకా దూరంగా. క్రీ.పూ. 343 ప్రాంతంలో అలెగ్జాండర్ వయసు పదమూడు.

నిట్టనిలువుగా చెక్కిన రాతి గోడ, అందులో గుహలు. గోడకు వరసగా చిన్న చిన్న చదరపు గుంటలున్నాయి. ఒకప్పుడు మండపం పైకప్పు దూలాలు వాటిలో దిగేవి. మండపం పోయింది, గుంటలు మిగిలాయి. కింద నీళ్ల చప్పుడు, పైన చెట్ల నీడ. రాతి ఆసనాలు, నీడ పడే బాటలు తన కాలానికీ చూపించేవారని జీవితచరిత్రలు రాసిన గ్రీకు రచయిత ప్లుటార్క్ రాశాడు. ఆయన వచ్చింది నాలుగు వందల ఏళ్ల తరవాత. అంటే గురుశిష్యుల పేరు చెప్పి యాత్రికులకు చోటు చూపించే అలవాటు అప్పటికే పాతది.

జీతం సంగతి కూడా ప్లుటార్కే చెప్పాడు. తాను కూల్చిన స్టగీరాను ఫిలిప్ మళ్లీ కట్టించాడు, పారిపోయినవాళ్లను, బానిసలైనవాళ్లను వెనక్కి రప్పించాడు. గురుదక్షిణగా ఒక ఊరు! ఊరు తగలబెట్టినవాడి కొడుక్కి పాఠం చెప్పడానికి ఒప్పుకోవడం వెనక ఎంత దిగమింగుకోవడం ఉందో ఎవరూ రాయలేదు.

శిష్యుడి మీద గురువు ప్రభావం ఎంత? హోమర్ కావ్యం ఇలియడ్ ప్రతిని అరిస్టాటిల్ సరిదిద్ది ఇస్తే అలెగ్జాండర్ దాన్ని తలగడ కింద పెట్టుకునేవాడట. వైద్యం మీద ఆసక్తి కూడా గురువు పెట్టిందే అంటారు. రాజకీయం దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికీ పొంతన లేదు. మంచి రాజ్యం ఒక్క చూపులో ఇమిడేంత చిన్నదిగా ఉండాలని, పౌరులు ఒకరినొకరు ఎరిగి ఉండాలని గురువు రాశాడు. శిష్యుడు క్రీ.పూ. 326 నాటికి హిందూకుష్ దాటి పంజాబులో ఉన్నాడు. దండయాత్ర చరిత్ర రాయడానికి వెంట వెళ్లిన కాలిస్తనీస్ అరిస్టాటిల్‌కు దగ్గరి బంధువు. రాజుకు సాష్టాంగపడే పద్ధతిని ఎదిరించి, కుట్ర నేరం మీద పట్టుబడి ప్రాణం పోగొట్టుకున్నాడు.

తూర్పు దేశాలు మాత్రం ఈ జంటను విడదీయలేదు. పారసీక కథల్లో సికందర్ పక్కన మంత్రి అరస్తూ ఉండాల్సిందే. ఆ కథలు దక్కను దాకా వచ్చాయి. హైదరాబాద్‌లో రెండో నిజాం దీవానుకు అరస్తూ జా అని బిరుదు. మూడో నిజాం పేరు సికందర్ జా. 1803లో ఆయన గద్దెనెక్కాక 1804లో ఆ దీవాను చనిపోయేవరకు, కొద్ది నెలలపాటు, హైదరాబాద్ రాజ్యాన్ని నిజంగానే ఒక అలెగ్జాండర్, ఒక అరిస్టాటిల్ కలిసి నడిపారు. ఆ సికందర్ పేరు మీదే సికింద్రాబాద్ వెలిసింది. మంత్రిగారి బిరుదు మాత్రం జనం మరచిపోయారు.

శనివారం, మిటిలీని

విమానంలో లెస్బోస్ దీవికి. తీరా చేరేసరికి మా పెట్టె రాలేదు. సాయంత్రానికి తెచ్చి ఇచ్చారు. ఇంకేమీ చూడలేదు.

ఆదివారం, మోలివోస్

దీవి ఉత్తరపు కొసన కోట బురుజు మీద నుంచి చూస్తే ఎదురుగా టర్కీ. మధ్యలో పది కిలోమీటర్ల నీళ్లు. ఆ గట్టు మీదే అస్సోస్ ఉంది, ప్లేటో పోయాక అరిస్టాటిల్ చేరిన చోటు. కొండ కొమ్మున ఎథీనా గుడి స్తంభాలు మన కంటికి ఆనవు గాని, అక్కడి నుంచి ఈ దీవి మొత్తం కనిపిస్తుందంటారు. అటు దాటాలంటే ఇంకో వీసా. ఈసారికి చూపుతో సరిపెట్టుకున్నాం.

ఆ ప్రాంతాన్ని అప్పుడు హెర్మియాస్ ఏలేవాడు. ఒకప్పుడు బానిస అని, నపుంసకుడని విరోధులు ఎత్తిపొడిచేవారు. ప్లేటో శిష్యులను చేరదీసి, అడిగి సలహాలు తీసుకునేవాడు. అతని ఇంటి ఆడపిల్ల పితియాస్‌ను అరిస్టాటిల్ పెళ్లి చేసుకున్నాడు. కొన్నేళ్లకు పారసీకుల సేనాని ఒకడు హెర్మియాస్‌ను మాటల్లో పెట్టి పట్టుకుని చంపించాడు. అరిస్టాటిల్ అతని మీద ఒక గీతం రాశాడు. ఆయన రాతల్లో మనసు బయటపడే తావు అదొక్కటే అనిపిస్తుంది. ఆ గీతమే ఇరవై ఏళ్ల తరవాత ఆయన మెడకు చుట్టుకుంది.

ఈ పది కిలోమీటర్ల నీళ్లను 2015లో రబ్బరు పడవల్లో దాటి లెస్బోస్ చేరినవాళ్లు ఐదు లక్షల మంది దాకా ఉంటారు. సిరియా, అఫ్ఘానిస్థాన్, ఇరాక్. వాళ్లు విప్పేసిన లైఫ్ జాకెట్లను మోలివోస్‌కు దగ్గర్లో ఒక గుంటలో గుట్టలుగా పోశారు. నారింజరంగు వెలిసిపోయి, నురగ బయటికి వచ్చి, చిన్నపిల్లల కొలతవి కూడా కనిపిస్తాయి. మా అమ్మాయి అక్కడ ఫోను బయటికి తీయలేదు.

సోమవారం, కలోనీ

ఈ ప్రయాణంలో నేను అసలు చూడాలనుకున్నది ఇది. దీవి కడుపులోకి చొచ్చుకొచ్చిన ఉప్పునీటి మడుగు, సముద్రంతో దానికి సన్నటి మూతి. అరిస్టాటిల్ దీన్ని పిర్రా జలసంధి అంటాడు. పిర్రా అనే ఊరు తరవాత సముద్రంలో కలిసిపోయిందని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. మడుగు మిగిలింది. పెళ్లయిన కొత్తలో, నలభై ఏళ్ల వయసులో, అరిస్టాటిల్ ఈ ఒడ్డున రెండేళ్లు గడిపాడు. పక్కన ఈ దీవి ఎరెసోస్‌లోనే పుట్టిన థియోఫ్రాస్టస్ ఉన్నాడు. పెద్దాయన జంతువులను చూసుకుంటే చిన్నాయన మొక్కలను చూసుకున్నాడు.

రేవులో పొద్దున్నే పడవలు వచ్చాయి. కలోనీ కవళ్లు దేశమంతా పేరున్నవి. పట్టిన రోజే ఉప్పులో వేసి సాయంత్రానికి పచ్చివే తినేస్తారు. ఒక ముసలాయన బుట్టలో నల్లటి సీ అర్చిన్లు తెచ్చాడు. బంతి చుట్టూ ముళ్లు, ఇంకా కదులుతున్నాయి. ఒకదాన్ని తోలు తొడుగు వేసుకున్న అరచేతిలో బోర్లించి చూపించాడు. అడుగున నట్టనడుమ నోరు. ఐదు తెల్లటి పళ్లు ఒకదానికొకటి ఎదురుగా, మొనలు కలిపి మూసుకుని ఉన్నాయి. కత్తెరతో చుట్టూ కోసి, లోపలి నారింజరంగు గుడ్డును చెంచాతో తీసి నిమ్మకాయ పిండి ఇచ్చాడు. నేను తిన్నాను. మా అమ్మాయికి తిండి మీద ధ్యాస లేదు. ఆ నోటి భాగాన్ని ఊడబెరికి, కడిగి, ఎండకు ఎత్తి పట్టుకుని తిప్పుతోంది. పళ్లు, వాటిని పట్టి ఉంచే ఎముకల్లాంటి కమ్మీలు, అన్నీ ఐదేసి.

"ఇవి అరిగినకొద్దీ పెరుగుతూనే ఉంటాయి పెదనాన్నా. వాటంతటవే పదును పెట్టుకుంటాయి. మా చదువులో ఇది ఉండాల్సింది" అంది.

దీన్ని తొలిసారి వర్ణించినవాడు అరిస్టాటిల్. అద్దాల బదులు బిగించే కొమ్ము పలకలు ఊడదీసిన లాంతరులా ఉంటుందన్నాడు. ఇవాళ్టికీ జంతుశాస్త్రంలో ఆ అవయవం పేరు అరిస్టాటిల్ లాంతరు. పళ్ల లెక్క తప్పినవాడి పేరు పళ్లకే నిలిచిపోయింది!

ఈ మడుగు సంగతులు ఆయన పుస్తకంలో అడుగడుగునా ఉన్నాయి. చలికాలం వస్తే చేపలు మడుగు వదిలి పోతాయి, ఒక్క బురదచేప మాత్రం ఉండిపోతుంది. నక్షత్రచేప ఇక్కడ పెద్ద పీడ. ఒకసారి దువ్వెన చిప్పలు పూర్తిగా కనపడకుండా పోయాయి, జాలర్లు గీకే పరికరం ఒక కారణం, వానలు లేకపోవడం ఇంకో కారణం. పట్టుబడి మితిమీరితే సముద్రం ఖాళీ అవుతుందని క్రీ.పూ. నాలుగో శతాబ్దంలోనే రాసిపెట్టాడు. ఐదు వందలకు పైగా జాతులు ఆయన రాతల్లోకి వచ్చాయి. కోడిగుడ్లను రోజుకొకటి చొప్పున పగలగొట్టి చూసి, మూడు రోజులు దాటాక తెల్లసొనలో రక్తపు చుక్కలా గుండె కొట్టుకోవడం గమనించాడు. ఒక జాతి చిన్న సొరచేప పిల్ల, తల్లి గర్భంలో బొడ్డుతాడుతో అంటుకుని పెరుగుతుందన్నాడు. చేపకు బొడ్డుతాడేమిటని జనం పట్టించుకోలేదు. 1842లో జర్మన్ శాస్త్రవేత్త యోహానెస్ మ్యూలర్ కోసి చూసి ముసలాయన చెప్పింది నిజమేనన్నాడు. డార్విన్ అయితే తన చివరి ఏడు, 1882లో, ఒక ఉత్తరంలో తేల్చేశాడు: ప్రకృతి శాస్త్రవేత్తలు లినేయస్, కువియే ఇన్నాళ్లూ తనకు దేవుళ్లు, అరిస్టాటిల్ ముందు వాళ్లు బడిపిల్లలట.

రాజ్యాంగాలను ఆయన పట్టుకున్న తీరూ ఇదే. ఒక్కొక్క నగరం ఎలా నడుస్తోందో పోగుచేసి, జాతులుగా విడదీసి, ఏది ఎందుకు చెడిపోతుందో చూశాడు. నేను ఇన్నేళ్లు నల్లబల్ల మీద గీసిన ఆరు గడుల పట్టిక వెనక ఈ బుట్ట, ఈ కత్తెర ఉన్నాయన్నమాట. అసహ్యం పుట్టించే ప్రాణిని చూసి కూడా చిన్నపిల్లల్లా ముఖం తిప్పుకోవద్దని ఒక చోట బతిమాలుతాడు. పాత తత్వవేత్త హెరాక్లిటస్ పొయ్యి దగ్గర చలి కాచుకుంటుంటే చూడవచ్చినవాళ్లు గుమ్మంలో తటపటాయించారట. లోపలికి రండి, ఇక్కడా దేవుళ్లున్నారు అన్నాడట. ఆ కథ అక్కడే చెబుతాడు. చేపల కంపు కొట్టే ఈ రేవులో ఆ వాక్యం చక్కగా అతుకుతుంది.

సాయంత్రం ఉప్పుమళ్ల దగ్గర రాజహంసలు కనిపించాయి. తెల్లటి ఉప్పు కుప్పల ముందు గులాబీరంగు వరస. చూస్తూ చాలాసేపు ఉండిపోయాం.

మంగళవారం రాత్రి, ఓడలో

మిటిలీని నుంచి ఏథెన్స్ రేవు పిరేయస్‌కు రాత్రంతా ప్రయాణం. నిద్ర పట్టక ఆయన పుస్తకాల గతి గురించి చదువుతూ కూర్చున్నాను. గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో చెప్పిన కథ ఇది. అరిస్టాటిల్ గ్రంథాలు థియోఫ్రాస్టస్‌కు, ఆయన నుంచి నీలియస్ అనే శిష్యుడికి చేరాయి. నీలియస్ వాటిని అస్సోస్‌కు దగ్గర్లోని తన ఊరు స్కెప్సిస్ పట్టుకుపోయాడు. రాజులు పుస్తకాల కోసం వేటాడే రోజులు, అందుకని వారసులు నేలమాళిగలో దాచేశారు. మన ఇళ్లలో అటక మీద తాటాకు గ్రంథాలకు పట్టిన గతే పట్టింది, చెమ్మ, పురుగు. ఎన్నాళ్లకో ఏథెన్స్‌లో ఒక పుస్తకాల పిచ్చివాడు కొని, పురుగు తిన్న చోట్ల సొంత మాటలు పూరించాడు. క్రీ.పూ. 86లో రోమన్ సేనాని సుల్లా ఏథెన్స్‌ను దోచి ఆ పుస్తకాలను రోముకు తరలించాడు. అక్కడ రోడ్స్ దీవి ఆండ్రోనికస్ వాటిని ఒక క్రమంలో పెట్టాడు. స్ట్రాబో కొంత రంగు పూశాడని పండితుల అనుమానం. అరిస్టాటిల్ ప్రజల కోసం ముచ్చటగా రాసిన సంభాషణలు మాత్రం నిజంగానే పోయాయి. మనకు దక్కినవి ఎక్కువగా పాఠాల నోట్సు. అందుకే అంత పొడిగా ఉంటాయి. పౌరశాస్త్రం మాస్టారిగా ఆయన మీద నాకు సానుభూతి ఉంది.

ఆ నోట్సే బాగ్దాదులో అరబ్బీలోకి వెళ్లాయి. అల్ ఫారాబీకి రెండో గురువు అని పేరు, మొదటి గురువు ఎవరో చెప్పనక్కర్లేదు. స్పెయిన్‌లోని కార్డోబాలో ఇబ్న్ రుష్ద్ వ్యాఖ్యానాలు రాశాడు. అవి లాటిన్లోకి దిగేసరికి యూరపు ఉలిక్కిపడింది. 1210లో పారిస్‌లో అరిస్టాటిల్ ప్రకృతి గ్రంథాలు చెప్పకూడదని నిషేధం పెట్టారు. అదే శతాబ్దంలో క్రైస్తవ పండితుడు థామస్ అక్వినాస్ ఆయన్ను ఉత్త 'తత్వవేత్త' అని పిలిచేదాకా వచ్చింది. పేరు చెప్పాల్సిన పని కూడా లేకపోయింది.

బుధవారం, ఏథెన్స్

రిగిలిస్ వీధిలో, బిజాంటైన్ మ్యూజియం పక్కన. 1996లో ఇక్కడ ఒక కళా ప్రదర్శనశాల కట్టబోతూ పునాది తవ్వితే వ్యాయామశాల గోడలు బయటపడ్డాయి. ప్రదర్శనశాల ఇంకో చోటికి పోయింది. అరిస్టాటిల్ బడి నడిపిన లైసియం ఇదే. 2014 నుంచి జనానికి తెరిచే ఉంది.

చూడటానికి మోకాలెత్తు గోడలు, కుస్తీ పట్టే ముంగిలి, స్నానాల తొట్లు. చుట్టూ లావెండరు, వాము వాసన కొట్టే పొదలు. బయట కార్ల రొద. నిరాశపడేవాళ్లు పడతారు. నాకు మాత్రం ఆ కుస్తీ ముంగిలి చాలా విషయం చెప్పింది. ఇది ఆయన సొంతం కాదు. నగరపు సొత్తు, ఎవరైనా వచ్చి కసరత్తు చేసుకునే తోపు. సోక్రటీసు కూడా ఇక్కడికి వచ్చేవాడు. క్రీ.పూ. 335లో ఏథెన్స్‌కు తిరిగి వచ్చిన అరిస్టాటిల్, భూమి కొనలేని పరదేశిగా, ఈ బహిరంగ స్థలంలో నడుస్తూ పాఠం చెప్పాడు. తిరుగుతూ చదివేవాళ్లు అని శిష్యులకు పేరొచ్చింది. బడికి సొంత తోట అమరింది ఆయన పోయాక, థియోఫ్రాస్టస్ కాలంలో, అదీ ఒక పలుకుబడి గల పౌరుడి చలవ వల్ల.

ఇక్కడే 158 నగరాల రాజ్యాంగాలను పోగుచేశారు. అన్నీ పోయాయి. ఒక్క ఏథెన్స్ రాజ్యాంగం ఈజిప్టు ఇసుకలో పపైరస్ చుట్టల మీద దొరికింది. బ్రిటిష్ మ్యూజియం 1891లో అచ్చువేసింది. ముందువైపు ఒక వ్యవసాయ క్షేత్రం జమాఖర్చులు, వెనకవైపు అరిస్టాటిల్. కాగితం వృథా చేయని ఆ రైతు గుమాస్తాకు చరిత్రకారులు రుణపడి ఉన్నారు.

కొన్ని పేజీలు పోయి ఉంటే బాగుండేదని కూడా అనిపిస్తుంది. కొందరు పుట్టుకతోనే బానిసలు, ఏలబడటమే వాళ్లకు మేలు అని ఆయన రాజనీతిలో ఉంది. పుట్టుకతో పని అంటగట్టే వాదం మనకు కొత్తది కాదు గనుక దాన్ని చదివినప్పుడు మన చెవికి వెంటనే తగులుతుంది. 1550లో స్పెయిన్‌లోని వాయదోలిద్‌లో అమెరికా ఆదివాసులను లొంగదీయడం న్యాయమేనని వాదించిన సెపూల్వేదా చేతిలో ఉన్నది ఈ పుస్తకమే. స్త్రీ గురించి రాసినవీ అంతే. చేప గర్భంలోకి తొంగి చూసిన కళ్లు ఇంట్లో మనుషుల దగ్గర ఎందుకు మూసుకున్నాయి? ఆ కాలం అలాంటిది అని సర్దిచెప్పేవాళ్లతో నాకు పేచీ ఉంది. బానిసత్వం ప్రకృతి కాదు, బలవంతం అని వాదించేవాళ్లు తన కాలంలోనే ఉన్నారని ఆయనే ఆ పుస్తకంలో చెప్పాడు. విన్నాడు, ఒప్పుకోలేదు.

గురువారం, కాల్కిస్

ఏథెన్స్ నుంచి రైల్లో గంటన్నర. క్రీ.పూ. 323లో అలెగ్జాండర్ బాబిలోన్‌లో చనిపోయాడన్న వార్త రాగానే ఏథెన్స్ మాసిడోనియా మనుషుల మీద విరుచుకుపడింది. హెర్మియాస్ మీద రాసిన పాత గీతం తీసి, మనిషిని దేవుణ్ని చేశాడని దైవద్రోహం కేసు పెట్టారు. సోక్రటీసుకు మరణశిక్ష వేసిన కేసు లాంటిదే. ఏథెన్స్ తత్వశాస్త్రం పట్ల రెండోసారి పాపం చేయకుండా చూస్తానని చెప్పి, అరిస్టాటిల్ తల్లి పుట్టిల్లయిన ఈ ఊరికి వచ్చేశాడు. మరుసటి ఏడు కడుపు జబ్బుతో పోయాడు. అరవై రెండేళ్లు.

ఊరి మధ్యలో పాత వంతెన, కింద యూబియా దీవిని ప్రధాన భూభాగం నుంచి విడదీస్తూ 40 మీటర్ల వెడల్పున యూరిపస్ జలసంధి. ఇక్కడ నీళ్లు నదిలా పరుగెడతాయి. ఆరేడు గంటలు ఉత్తరానికి, కాసేపు ఆగి, మళ్లీ ఆరేడు గంటలు దక్షిణానికి. అష్టమి దగ్గర రోజుల్లో లెక్క తప్పి ఇష్టం వచ్చినట్టు తిరుగుతాయి. దీవి రెండు కొసల్లోనూ ఆటుపోట్లు వేరు వేరు వేళల్లో రావడం దీనికి కారణం. మేము చూస్తుండగానే సుడులు నెమ్మదించి, తేలుతున్న ఒక ఎండుకొమ్మ ఆగి, వచ్చిన దారినే వెనక్కి బయలుదేరింది. వంతెన మీద జనమంతా చప్పట్లు కొట్టారు.

ఈ రహస్యం అంతు చిక్కక అరిస్టాటిల్ ఇందులోనే దూకి చచ్చాడని తరవాతి క్రైస్తవ రచయితలు కొందరు ప్రచారం చేశారు. తెలియనిది ఎదురైతే దూకే రకం కాదాయన. తేనెటీగల పుట్టుక గురించి పేజీలకు పేజీలు రాసి, చివర ఇంకా సరిగ్గా గమనించలేదు, గమనించినప్పుడు నా వాదాన్ని కాదు, కంటికి కనిపించినదాన్నే నమ్మండి అని ముగించాడు.

ఆయన వీలునామా మనకు దక్కింది, తత్వవేత్తల జీవితాలు రాసిన డయోజనీస్ లేయర్షియస్ పుణ్యమా అని. వంతెన పక్క కాఫీ దుకాణంలో అమ్మాయి దాన్ని ఫోనులో చదువుతుంటే విన్నాను. భార్య పితియాస్ ఎముకలను, ఆమె కోరినట్టే, నా పక్కన పెట్టాలి. ఆమె తరవాత నాతో ఉన్న హెర్పిల్లిస్ నన్ను బాగా చూసుకుంది, ఆమెకు లోటు రానీయకండి. కాల్కిస్‌లో ఉంటానంటే తోట పక్క ఇల్లు, స్టగీరాలో ఉంటానంటే మా నాన్న ఇల్లు, ఏది కోరితే అందులో తగిన సామాను అమర్చండి. ముప్పై ఏళ్లకు పైగా బతికిన ఏథెన్స్‌లో ఇవ్వడానికి ఇల్లు లేదు.

"బానిసల సంగతి కూడా ఉంది పెదనాన్నా" అంది. నాకు సేవ చేసిన పిల్లల్లో ఎవరినీ అమ్మవద్దు, యుక్తవయసు వచ్చాక అర్హతను బట్టి విడిచిపెట్టండి. ఫలానా ఆమెకు స్వేచ్ఛ, ఐదు వందల డ్రాక్మాలు.

"మరి పుస్తకంలో అలా రాశాడుగా?"

రాజనీతి ఏడో ప్రకరణంలో ఒక వాక్యం ఉంది. బానిసలందరికీ స్వేచ్ఛను బహుమతిగా ముందు పెట్టడం ఎందుకు మంచిదో తరవాత చెబుతాను అంటాడు. ఆ 'తరవాత' మనకు దొరికిన పుస్తకంలో ఎక్కడా రాదు. ఆ సంగతి చెబితే అమ్మాయి వీలునామాను మళ్లీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది.